తాళం వేసిన గదిలో మోగిన గంట

బాపట్ల అవతల, సముద్రపు ఒడ్డున ఉన్న ఇసకపాలెంలో, రొయ్యపిల్లల హేచరీలో కంప్యూటర్లూ వాటి తీగలూ చూసుకునే అమరలింగం అనే ఉద్యోగి ఉండేవాడు. పనిలో దిట్టే గాని, ఏ కబురైనా ముందు తన చెవినే పడాలనీ, తన నోటి నుంచే నలుగురికీ తెలియాలనీ అతనికి మహా యావ.

వాన వచ్చేలా ఉందన్నా అతనే అనాలి. యజమాని నరసరాజుగారి కారు గేటు దాటిందన్నా అతనే చెప్పాలి. ఎవరైనా తొందరపడి "కరెంటు పోయిందండీ" అంటే, "నాకు తెలుసు. పోతుందని పొద్దున్నే అనుకున్నాను" అనేవాడు. తోటివాళ్లు చాటుగా నవ్వుకునేవారు. ఇందులో ఎవరికీ నష్టం లేదు కదా అని ఊరుకునేవారు కూడా. ఆ మాట నిజమే, కొంతకాలం వరకు.

ఆ హేచరీలో మూడు గదులు ఉండేవి. గదికి ఎనిమిదేసి తొట్లు. ఒక్కో తొట్టిలో వెంట్రుక ముక్కల్లాంటి రొయ్యపిల్లలు లక్షల్లో ఈదుతుండేవి. వాటిని పెంచి, సంచుల్లో నింపి, చెరువుల రైతులకు ఇవ్వడం అక్కడి పని. ఈ పిల్లలకు మేత ఒక పూట ఆలస్యమైనా ఫరవాలేదు గాని, గాలి మాత్రం ఆగకూడదు. ప్రతి గదికీ ఒక బ్లోయర్ ఉండేది. అది పైపుల ద్వారా తొట్ల నీళ్లలోకి ఎడతెగకుండా గాలి ఊదుతుండేది. ఆ గాలి ఆగితే అరగంటలో తొట్లు ఖాళీ అయినట్టే లెక్క.

గదుల్లోకి ఎవరు పడితే వాళ్లు వెళ్లడానికి లేదు. మనిషి వెంట రోగం వస్తుందని భయం. పొద్దున ఎనిమిదికీ, పన్నెండుకీ, సాయంత్రం నాలుగుకీ మేత వేసే వేళ మాత్రమే ఆడవాళ్లు లోపలికి వెళ్లేవారు. అప్పుడు కూడా గుమ్మం దగ్గర మందు నీళ్లలో కాళ్లు ముంచి, గౌను తొడుక్కుని, తలకు గుడ్డ కట్టుకోవాలి. మిగతా వేళల్లో తొట్ల బాగోగులు మీటర్లు చూసేవి. నీళ్లలో ప్రాణవాయువు ఎంత ఉందో ఆ మీటర్లు తీగల మీదుగా కంట్రోల్ రూముకు చెప్పేవి. అక్కడ హైమావతి అనే అమ్మాయి స్క్రీను ముందు కూర్చుని, ఒక్కో గదికి ఒక్కో అంకె చొప్పున చూస్తుండేది.

మూడో గదిని సువార్తమ్మ చూసేది. యాభై దాటిన మనిషి. ఆమె కింద నలుగురు ఆడవాళ్లు పనిచేసేవారు. అంతకుముందు ఆ గదిలో పెంచిన పిల్లలు రోగం వచ్చి మొత్తం పోయాయి. అప్పుడే నరసరాజుగారు ఖచ్చితంగా చెప్పేశారు.

"సువార్తమ్మా, ఇంకొక్కసారి చూస్తాను. ఈ విడత కూడా పోతే మూడో గది మూసేస్తాను. నీకూ, నీ మనుషులకూ వేరే పని చూపించడం నా వల్ల కాదు."

"ఈసారి పోవండయ్యా. కళ్లలో పెట్టుకుని చూసుకుంటా" అంది సువార్తమ్మ.

అన్నట్టే చూసుకుంది. పద్దెనిమిది రోజులు గడిచాయి. పిల్లలు కాళ్లూ మీసాలూ వచ్చి చలాకీగా ఉన్నాయి. ఇంకో రెండు రోజులు ఆగితే రైతులు వచ్చి పట్టుకుపోతారు. అసలు గొడవంతా ఆ రెండు రోజుల్లోనే వచ్చింది. కాని దానికి బీజం రెండు నెలల ముందే పడింది. అదేమిటో చెప్పాలంటే స్విచ్ సంగతి చెప్పాలి.

ఇది దీపం వేసే స్విచ్ కాదు. మూడు గదుల నుంచి వచ్చే తీగలన్నీ వచ్చి చేరే పెట్టె. చూడటానికి చెప్పుల పెట్టెంత ఉంటుంది; ముందు వరుసగా కన్నాలు, కన్నానికో చిన్న పచ్చదీపం. పాతది ఉప్పుగాలికి పాడైతే రాజుగారు కొత్తది కొన్నారు. దాన్ని బిగించడానికి హైదరాబాదు నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. పని అయ్యాక అమరలింగాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక మాట చెప్పాడు.

"ఇందులో ఒక చిక్కు ఉంది సార్. ఏ గది తీగలోనైనా ప్రాణం పోయిందనుకోండి, స్క్రీను మీద ఆ గది అంకె చెరిగిపోదు. ఆఖరిసారి వచ్చిన అంకే అలా నిలబడిపోతుంది. చూసేవాళ్లకు అంతా బాగున్నట్టే ఉంటుంది. అందుకని స్విచ్చే తనంతట తాను కబురు పంపేలా పెట్టుకోండి. దీన్ని మేం ట్రాప్ అంటాం. ఎవరెవరికి పంపాలో వాళ్ల అడ్రసులు అందులో రాస్తే చాలు. మీకొకటి, కంట్రోల్ రూముకొకటి, బ్లోయర్ షెడ్డుకొకటి, మూడూ రాయండి. రాశాక ఒక తీగ ఊడదీసి, మూడు చోట్లా మోగిందో లేదో చూసుకోండి."

"అదెంత పని" అన్నాడు అమరలింగం.

నిజంగానే పెద్ద పని కాదు. ఆ మధ్యాహ్నమే కంప్యూటరు ముందు కూర్చుని మొదలుపెట్టాడు. కబుర్లు పంపడం మొదలుపెట్టమని స్విచ్‌కు ఆజ్ఞ ఇచ్చాడు. తీగ పోయినా, తిరిగి వచ్చినా చెప్పమన్నాడు. మొదటి అడ్రసు దగ్గర తన గదిలోని కంప్యూటరుది రాశాడు. రెండో అడ్రసు దగ్గరకు వచ్చేసరికి చెయ్యి ఆగింది.

అక్కడ ఆగడానికి కారణం ఉంది. అంతకు నెల క్రితం సముద్రపు నీళ్లు తోడే మోటారు ఆగిపోతే, హైమావతి ముందుగా పసిగట్టి, నేరుగా రాజుగారికి ఫోను చేసింది. రాజుగారు అందరి ముందూ "ఈ అమ్మాయి కళ్లు చురుకయ్యా" అని మెచ్చుకున్నారు. అమరలింగానికి ఆ మాట ముల్లులా దిగబడింది. ఎనిమిదేళ్లుగా తీగలు లాగినవాడు తను. మెప్పు మాత్రం నిన్నగాక మొన్న వచ్చిన పిల్లకు!

'కంట్రోల్ రూముకు పంపితే ఆ పిల్ల వెంటనే రాజుగారికి చెప్పేస్తుంది' అనుకున్నాడు. 'ఇక షెడ్డులో బ్లోయర్లు చూసే మస్తాన్‌కు పంపితే, అతనికి ఈ కబుర్లు ఏం అర్థమవుతాయి? ఊరికే కంగారుపడతాడు.' ఇలా తనకు నచ్చే కారణాలు రెండు దొరికేసరికి మనసు కుదుటపడింది. రెండో అడ్రసూ, మూడో అడ్రసూ ఖాళీగానే వదిలేశాడు. చేసినదాన్ని సేవ్ చేశాడు. ఒక తీగ ఊడదీసి చూశాడు. అతని కంప్యూటరులో సైకిలు బెల్లులాంటి గంట మోగింది. అతను చూసి నొక్కేదాకా నిమిషానికోసారి మోగేలా దాన్ని పెట్టుకున్నాడు.

సాయంత్రం రాజుగారు అడిగారు. "ఏమయ్యా, ఆ కబుర్ల పని అయిందా? అందరికీ వెళ్తుందా?"

"వెళ్లాల్సిన చోటికి వెళ్తుందండి" అన్నాడు అమరలింగం.

హైమావతి కూడా ఒకసారి అడిగింది. "ఆ గంటేదో మా దగ్గరా మోగితే బాగుంటుంది కదా సార్?"

"నీకెందుకమ్మా లేనిపోని తలనొప్పి? వస్తే నేను చెప్తాగా" అన్నాడు.

చెప్పాడు కూడా. ఆ రెండు నెలల్లో ఐదారుసార్లు గంట మోగింది. ఒకసారి ఎలుక తీగ కొరికింది. ఒకసారి ఊడ్చే మనిషి చీపురు తగిలి తీగ ఊడింది. గంట మోగగానే అమరలింగం గదిలోంచి హుందాగా బయటకు వచ్చి, కంట్రోల్ రూము గుమ్మంలో నిలబడి, "రెండో గది తీగ పోయింది, వెళ్లి చూడండి" అనేవాడు. వెళ్లి చూస్తే నిజంగానే పోయి ఉండేది. ఆ గంట సంగతి సరిగా తెలియని తక్కినవాళ్లు ఆశ్చర్యపోయేవారు. 'ఈయన గదిలో కూర్చునే అన్నీ ఎలా కనిపెడుతున్నాడో' అనుకునేవారు. ఆ ఆశ్చర్యం అతనికి భోజనం కంటే రుచిగా ఉండేది. తను లేనప్పుడు గంట మోగితే ఏమిటన్న ఆలోచన ఒక్కనాడూ రాలేదు. వచ్చినా దాన్ని కూర్చోనిచ్చేవాడు కాదు.

అలా ఉండగా నరసరాజుగారు బాపట్లలో రైతుల సమావేశం పెట్టారు. హాలు మాట్లాడి, భోజనాలు ఏర్పాటు చేసి, చుట్టుపక్కల చెరువుల వాళ్లందరినీ పిలిచారు. "మన తొట్లు ఎంత జాగ్రత్తగా చూసుకుంటున్నామో వాళ్లకు గోడ మీద చూపించాలి. నువ్వు రావాలి" అని అమరలింగానికి చెప్పారు. అమరలింగం ఇస్త్రీ చొక్కా వేసుకుని, తన గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని, పదకొండింటికి రాజుగారి కారెక్కాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పాలంటే ఆ రెండు అడ్రసులూ ఖాళీగా వదిలిన గుట్టు చెప్పాలి మరి.

పన్నెండు గంటల మేత వేసి, సువార్తమ్మా ఆమె మనుషులూ గౌన్లు విప్పి అన్నాలకు వెళ్లారు. ఒంటిగంటకు ఇంకా పావుగంట ఉందనగా, మూడో గది వెనక గోడకున్న కరెంటు బోర్డు కాలిపోయింది. ఉప్పుగాలికి లోపల రాగి తినేసి చాలా రోజులైంది. ఆ రోజుతో దాని ఓపిక అయిపోయింది. ఊరికి వచ్చే కరెంటు పోలేదు కాబట్టి జనరేటరు తిరగలేదు. ఆ ఒక్క గది బ్లోయరే ఆగింది. అదే బోర్డు మీద బతికే మీటర్ల పెట్టె కూడా ఆగింది. మూడో గది తీగలో ప్రాణం పోయింది. స్విచ్ మాత్రం తన పని తను చేసింది. ఆ క్షణానే కబురు పంపింది.

తాళం వేసిన గదిలో గంట మోగింది.

హైమావతికి ఆ చప్పుడు వినబడింది. స్క్రీను చూసింది. మొదటి గది బాగుంది, రెండోది బాగుంది, మూడోది ఐదు పాయింటు నాలుగు దగ్గర నిక్షేపంగా ఉంది. మళ్లీ గంట మోగింది. లేచి వెళ్లి తలుపు తోసింది. తాళం. గంట మళ్లీ మోగింది. ఆమె ఫోను చేసింది.

అమరలింగం అప్పుడు హాల్లో రాజుగారి పక్కన నిలబడి, కంట్రోల్ రూము స్క్రీను నుంచి వచ్చి గోడ మీద పడుతున్న అంకెలను రైతులకు కర్రతో చూపిస్తున్నాడు. ఫోను అందుకుని, చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడాడు.

"ఏంటమ్మా, ఇప్పుడా?"

"మీ గదిలో గంట మోగుతా ఉంది సార్. ఆగట్లేదు. ఏం జరిగిందో చూడాలి, తాళం తీయించమంటారా?"

అమరలింగం పక్కకు చూశాడు. రాజుగారు అక్కడే, మూరెడు దూరంలో ఉన్నారు. 'ఫలానాది పాడైందట, హైమావతి కనిపెట్టిందట' అని ఈ సభలో వినబడితే ఇంకేమన్నా ఉందా? గోడ మీద చూశాడు. మూడు గదుల అంకెలూ బాగానే ఉన్నాయి. ఇంజనీరు చెప్పిన మాట అప్పుడు గుర్తుకు రావాలి. రాలేదు. గుర్తు చేసుకోవాలని అతనికి లేదు కూడా.

"అది అట్టా మోగుతూనే ఉంటుందిలే. నేను ఇక్కడ నుంచి అంతా చూస్తూనే ఉన్నాను. తాళం జోలికి ఎవరూ వెళ్లొద్దు. వచ్చాక నేను చూసుకుంటా" అని ఫోను కట్టేశాడు.

హైమావతి కాసేపు కుర్చీలో కూర్చుంది. కూర్చోలేకపోయింది. ఆ గంట ఆమె ఒంటికి తగులుతున్నట్టే ఉంది. వేళ కాని వేళ గదుల్లోకి వెళ్తే రాజుగారు కోప్పడతారు. వెళ్లకపోతే? చివరికి లేచి షెడ్డుకు పరిగెత్తింది. అక్కడ బ్లోయర్లు చూసే మస్తాన్ వలి అన్నం తిని చెయ్యి కడుక్కుంటున్నాడు.

"మస్తాన్‌గారూ, ఏదో అయింది. ఎక్కడో తెలీదు. ఒకసారి గదులు చూసొద్దాం రండి."

"తెలీకుండా ఎట్టమ్మా? ఏ గది?"

"అదే తెలీట్లేదు!"

పేరుకు బ్లోయర్ షెడ్డే గాని, బ్లోయర్లు అందులో లేవు; గదుల వెనక, గోడ అవతల ఉన్నాయి. మూడూ కలిసి హోరెత్తిస్తుంటే రెండు తిరుగుతున్నాయో మూడు తిరుగుతున్నాయో షెడ్డులోకి తెలియదు. మొదటి గదికి వెళ్లారు. కాళ్లు ముంచి, గౌను తొడుక్కుని, తలకు గుడ్డ కట్టుకుని లోపలికి పోయి ఎనిమిది తొట్లూ చూశారు. నీళ్లు కుతకుతలాడుతూ గాలి వస్తోంది. ఆ గౌను విప్పి, రెండో గది గౌను తొడుక్కుని, మళ్లీ కాళ్లు ముంచి లోపలికి వెళ్లారు. అక్కడా బాగానే ఉంది. మూడో గది తలుపు తెరిచేసరికి ఇద్దరూ నిలబడిపోయారు. లోపల చప్పుడే లేదు. ఎనిమిది తొట్ల నీళ్లూ అద్దంలా కదలకుండా ఉన్నాయి.

"అల్లా!" అంటూ మస్తాన్ వెనక్కి ఉరికాడు. రెండో గది పైపుకూ మూడో గది పైపుకూ మధ్య ఒక వాల్వు ఉంది. దాన్ని తిప్పితే రెండో గది గాలి ఇటు కూడా వస్తుంది. అతను వెళ్లడం, తిప్పడం, అంతా రెండు నిమిషాల పని. తొట్లలో మళ్లీ బుడగలు లేచాయి. కాని అప్పటికి గాలి ఆగి ముప్పై ఐదు నిమిషాలు దాటింది.

సరిగ్గా అప్పుడే బాపట్ల హాల్లో, ముందు వరసలో కూర్చున్న ఒక ముసలి రైతు చెయ్యెత్తాడు. ముప్పై ఏళ్లుగా చెరువుల గట్ల మీద తిరిగిన మనిషి.

"అబ్బాయ్, ఒకటడుగుతా. ఆ మొదటిదీ రెండోదీ కాస్త పెరుగుతున్నాయి, తగ్గుతున్నాయి. నీళ్లన్నాక అట్టాగే ఉంటది. ఆ మూడోదేంది, ఇందాకటి నుంచి కదలకుండా అక్కడే బిగుసుకుపోయింది?"

హాల్లో అందరూ గోడకేసి చూశారు. అమరలింగమూ చూశాడు. ఐదూ నాలుగు. ఇందాకా ఐదూ నాలుగే. అంతకుముందూ ఐదూ నాలుగే. అతని చేతిలో కర్ర జారి కింద పడింది. ఇంజనీరు మాట ఒక్కొక్క అక్షరమూ గుర్తొచ్చింది. అక్కడే, అందరి ముందే ఫోను చేశాడు.

"హైమా, మూడో గది... మూడో గది చూడండి!"

"చూశాం సార్" అంది హైమావతి. "ఇప్పుడే గాలి ఇచ్చారు. తాళం పగలగొట్టుకోమని ఒక్క మాట అని ఉంటే నేరుగా ఆ గదికే పోయేవాళ్లం సార్. మూడు గదులూ వెతుక్కుంటా పోవాల్సి వచ్చింది."

సమావేశం మధ్యలోనే వదిలి, రాజుగారూ అమరలింగమూ కారెక్కి హేచరీకి వచ్చారు.

మూడో గదిలో ఐదు తొట్ల పిల్లలు పోయాయి. తొట్టి అడుగున తెల్లగా పేరుకుని ఉన్నాయి. మూడు తొట్లలోవి మాత్రం ఎలాగో బతికాయి. సువార్తమ్మ వంగి సన్నవలతో చచ్చినవాటిని తోడుతోంది. ఆమె మనుషులు నలుగురూ గోడకు ఆనుకుని ఏడుస్తున్నారు. నరసరాజుగారు కాలిన బోర్డు చూసి వచ్చారు. తొట్లు చూశారు. ఆయనకు కోపం కన్నా నీరసం ఎక్కువ వచ్చింది.

"ఈ గది నాకు అచ్చిరాలేదమ్మా. ఒకసారి రోగం, ఒకసారి ఇది. రేపటితో మూసేద్దాం" అన్నారు.

సువార్తమ్మ తలెత్తలేదు. "మీ ఇష్టం అయ్యా" అంది. వల మాత్రం ఆపలేదు.

అమరలింగం మెల్లగా అక్కడి నుంచి జారుకుని తన గదికి వెళ్లాడు. తాళం తీశాడు. కంప్యూటరు ఇంకా మోగుతూనే ఉంది. గంట ఆపి చూశాడు. తెర నిండా ఒకే కబురు. 'మూడో లైను పోయింది. పన్నెండూ నలభై ఆరు.' తలుపు దగ్గరగా వేసి కూర్చున్నాడు.

ఈ కబురు అతనికి తప్ప లోకంలో ఎవరికీ రాలేదు. చెరిపేస్తే ఇక ఎక్కడా ఉండదు. ఖాళీగా వదిలిన రెండు అడ్రసులూ ఇప్పుడు గబగబా రాసేస్తే, స్విచ్ సంగతి అడిగేవాళ్లు కూడా ఉండరు. బోర్డు కాలింది, పిల్లలు పోయాయి, గది అచ్చిరాలేదు. అంతటితో అయిపోతుంది. సువార్తమ్మ, ఆ నలుగురూ రేపటి నుంచి రారు. అంతే.

జీవితమంతా అందరి కంటే ముందు కబురు తెలియాలని తహతహలాడిన మనిషికి, ఇవాళ అతనికొక్కడికే తెలిసిన కబురు దొరికింది. అది నోటికి రావడం లేదు. వేలు చెరిపే మీట దాకా వెళ్లింది. గోడ అవతల వల నీళ్లలో మునిగి లేస్తున్న చప్పుడు వినబడుతోంది. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

లేచి మూడో గదికి వచ్చాడు. అందరి ముందూ నిలబడ్డాడు.

"అయ్యా, గది మూయకండి. తప్పు గదిది కాదు, సువార్తమ్మది అసలే కాదు. బోర్డు కాలిన నిమిషానికే స్విచ్ కబురు పంపింది. అది నా కంప్యూటరుకు ఒక్కదానికే వచ్చింది. నేను అడ్రసు ఒక్కటే రాశాను."

"ఒక్కటే ఏమిటి? అందరికీ వెళ్తుందా అని నిన్ను అడిగాను కదయ్యా?"

"వెళ్లాల్సిన చోటికి వెళ్తుందన్నానండి."

"మరి వెళ్లిందా?"

"లేదండి. నా దగ్గరకు వచ్చి ఆగింది."

"ఎందుకు చేశావీ పని?"

అమరలింగం తల వంచుకున్నాడు. "అన్నీ ముందు నాకే తెలియాలనండి. మీకు నేనే చెప్పాలనండి. హైమావతి ఫోను చేసినప్పుడు కూడా మీరు వింటారని చూడొద్దన్నాను."

పక్కన మస్తాన్ చేతిలోని గుడ్డను నలుపుతూ నిలబడ్డాడు. హైమావతి కళ్లు తుడుచుకుంది. నరసరాజుగారు అమరలింగం వైపు తిరిగారు.

"నిన్ను పంపించేద్దామన్నంత కోపంగా ఉంది. ఇప్పుడు నువ్వే వచ్చి చెప్పావు కాబట్టి ఊరుకుంటున్నా. ఇకనుంచి ఆ స్విచ్చులో ఎవరి అడ్రసు ఉండాలో హైమావతి చెప్తుంది, నువ్వు రాస్తావు. నెలకోసారి తీగ ఊడదీసి అన్నిచోట్లా మోగిందో లేదో ఆమె చూస్తుంది, నువ్వు పక్కన నిలబడతావు. సువార్తమ్మా, గది మూయడం లేదు. ఉన్న మూడు తొట్లూ జాగ్రత్తగా చూడు."

సువార్తమ్మ తల ఊపింది. అప్పుడు కాని వల కింద పెట్టలేదు.

అమరలింగం ఆ సాయంత్రమే కూర్చుని హైమావతి చెప్పినట్టు రాశాడు. మొదటి అడ్రసు బ్లోయర్ షెడ్డు. రెండోది కంట్రోల్ రూము. అతనిది మూడోది. అది పూర్తయ్యాక మూడో గదికి వచ్చి, సువార్తమ్మ దగ్గర నిలబడ్డాడు. ఆమె బతికిన తొట్ల దగ్గర ముక్కాలిపీట మీద కూర్చుని నీళ్లకేసి చూస్తోంది.

"సువార్తమ్మా, నన్ను క్షమించు. ఇక నుంచి నాకు కబురు రాగానే..." అని ఏదో చెప్పబోయాడు.

ఆమె మధ్యలోనే ఆపింది. కోపంగా కాదు, అలసటగా. "బాబూ, ఒక మాట అడుగుతా చెప్పు. ఇయ్యాల నువ్వు ఇక్కడే ఉన్నావనుకో. ఆ కబురు నీకే ముందొచ్చిందనుకో. ఏం చేసేవాడివి? మస్తాన్ తిప్పిన ఆ వాల్వు ఎక్కడుందో నీకు తెలుసా?"

అమరలింగం గది నాలుగు మూలలకూ చూశాడు. గోడల వెంట పైపులు పోతున్నాయి. వాటికి ఎన్నో వాల్వులు ఉన్నాయి. ఎనిమిదేళ్ల నుంచి ఆ పైపుల కిందుగానే నడిచాడు. అది వాటిలో ఏదో, అసలు గది బయట ఉందో కూడా అతనికి తెలియదు.

"తెలీదమ్మా" అన్నాడు.

"మరి మస్తాన్‌కు తెలుసుగా" అంది సువార్తమ్మ. అని మళ్లీ నీళ్లకేసి తిరిగింది.

ఆపద కబురు ముందుగా చేరవలసింది పేరు కోరుకునేవాడికి కాదు, ఆ ఆపదను ఆపగలిగినవాడికి. దాన్ని తన గొప్ప కోసం తన దగ్గరే ఆపుకున్నవాడు, జరిగిన నష్టంలో సగం తన చేతులతో చేసినట్టే.